చెట్టు దగ్గర ఆపండి

మున్సిపాలిటీలో నా చేతికొక కాగితం ఇచ్చారు.
పైన "కియాంబోగోలో చూడదగ్గవి" అని ఉంది,
కిందంతా తెలుపు.
శుక్రవారానికల్లా నింపాలి.
నైరోబీ నుంచి ఫ్లాట్లు చూడ్డానికొచ్చే వాళ్లకి
రంగుల్లో అచ్చేసి పంచుతారట.

పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఒక్క ముక్కా తోచలేదు.
లేచి వెళ్లి మటాటు ఎక్కాను.

పద్నాలుగు సీట్లలో ఇరవై మందిమి.
కిహారా తలుపుకి వేలాడుతూ
ఊరంతటినీ ఒక్క ఊపిరిలో పిలుస్తున్నాడు:
చెట్టు క్వారీ దొరగేటు ఫ్యాక్టరీ మొసలీ ఆఖరూ!

చెట్టు దగ్గర చెట్టు లేదు.
ఎనిమిది వరుసల రోడ్డొచ్చిన ఏడు
జకరండా మొదలంటా పోయింది.
అక్కడిప్పుడు ఫోన్లో డబ్బులేసే ఆకుపచ్చ డబ్బా,
డబ్బాలో గోళ్లకి రంగేసుకుంటూ ఒక పిల్ల.
అయినా "చెట్టు దగ్గర ఆపండి" అనే దిగుతారు.
దిగి, ఒక్క క్షణం నిలబడి,
అప్పుడు తెరుస్తారు గొడుగు.

క్వారీలో రాయి అయిపోయి నీళ్లు చేరాయి.
పెళ్లి జంటలు ఫొటోలకొస్తాయి, నీలంగా పడుతుందని.
ఆ రాయి కొట్టిన వాళ్లలో మా నాన్న ఒకడు.
నైరోబీలో ఏ బ్యాంకు గోడలో ఉందో
ఎప్పుడూ చెప్పలేకపోయాడు.
బ్యాంకు లోపలికి వెళ్లిన మనిషి కాదు.

దొరగేటు దగ్గర, బొగ్గుల సంచీ ఒళ్లో పెట్టుకుని
నా పక్కన కూచున్న గథోని అంది:
"దిగు, చూపిస్తా."
కిహారా ఈల వేశాడు. బండి ఆగింది. బండంతా విసుక్కుంది.

మిగిలినవి రెండు స్తంభాలు.
వెనక పన్నెండంతస్తుల కాఫీ గార్డెన్స్.
అందులో ఈతకొలను ఉంది, కాఫీ మొక్క లేదు.
"వీపున బిడ్డ, నడుముకి బుట్ట," అంది,
"డబ్బాకి ఇన్ని సెంట్లని లెక్క.
ఒక్క పచ్చికాయ కనబడినా
మేస్త్రీ డబ్బా మొత్తం మట్టిలో బోర్లించేవాడు."
గోడ లేదు, కంచె లేదు, ఎటునుంచైనా పోవచ్చు.
గథోని మాత్రం చుట్టు తిరిగి వచ్చి
రెండు స్తంభాల నట్టనడుమ నుంచి నడిచింది, మెల్లగా.
"అప్పుడు మమ్మల్ని పక్కనున్న చిన్న తలుపులోంచి పంపేవాళ్లు."

ఇంకో మటాటు.

ఫ్యాక్టరీలో ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు టైర్లు.
వాన పడితే గోడలు ఇప్పటికీ
పులిసిన కాఫీ తొక్కు వాసనేస్తాయి,
పాస్టరు అగరొత్తులు వెలిగిస్తాడు.

మొసలి దగ్గర వాగు.
వాగులో ఉందనేవారు తాతలు,
ఉండేదన్నారు నాన్నలు,
ఉండేదా అంటున్నారు పిల్లలు.
సబ్బు నురగ మాత్రం ఉంది.

ఊరి పేరుకి అర్థం అడవిదున్నల తావు అని.
రౌండబౌట్‌లో సిమెంటు దున్న నిలబడింది.
లారీ తగిలి ఒక కొమ్ము పోయింది.
రెండో కొమ్ముకి ఎవరో
ఎన్నికల జెండా కట్టి మరిచిపోయారు.

ఆఖరు నిరుడు ఇక్కడ కాదు.
అంతకు ముందేడు అక్కడా కాదు.
ఏటేటా గడ్డిలోకి ఇంకొంచెం జరుగుతుంది,
హద్దురాళ్లకి కట్టిన ఎర్రపేలికల వెంట.
ఈసారి దిగిన చోట ఏమీ లేదు,
నాలుగు మేకలు, తెరిచిన కాలువ, గాలి.

గథోని సంచీ దించింది. బొగ్గులు పరిచింది.
మొక్కజొన్న పొత్తులు ఒలిచి నిప్పుమీద వరసగా పెట్టి
అట్టముక్కతో విసరడం మొదలెట్టింది.

కిహారా బండి తిప్పి, తలుపు పట్టుకుని,
కొత్త స్టాపుకి ఏం పేరు పిలవాలో తెలీక
అటూ ఇటూ చూశాడు.
"గథోని దగ్గర! గథోని దగ్గర!
గథోని దగ్గర నుంచి టౌనుకి యాభై షిల్లింగులు!"

ఆమె తలెత్తలేదు, ఒక పొత్తు మాడుతోంది.

కాగితం మీద మొదటి గీత దగ్గర ఆ పేరే రాశాను.
"ఇదెక్కడుంది?" అన్నాడు ఆఫీసరు.
మటాటు ఎక్కమన్నాను.
ఆయన కారుందన్నాడు.